ఉప్పుకు లొంగని నీలం

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 4

అత్తమ్మకు జోస్నా వందనాలు.

నిన్న మీ కూతురింట్లో మీ చెవి దగ్గర నేను చెప్పిన ఒక్క ముక్కకు అమల వాళ్ల ఓనరు పైనుంచి దిగొచ్చి "ఏం లొల్లి?" అని అడిగాడు, చూశారు కదా. మీకు వినపడేలా చెబితే వాడకట్టు మొత్తానికీ చెప్పినట్టే. మీతో మాట్లాడాల్సినవేమో అత్తాకోడళ్ల మధ్యే ఉండాల్సినవి. అందుకే ఇకనుంచి కాగితం మీద. సుమన్ ఎలాగూ రోజూ ఎల్బీ నగర్‌లో సెల్‌ఫోన్ రిపేరు షాపుకు వస్తాడు. బాలింతకు పంపే టిఫిన్ డబ్బా అడుగున ఉత్తరం పెట్టిస్తాను. మూడు మెట్రో స్టేషన్ల దూరానికి ఉత్తరాలా అని మీ కొడుకు పకపకా నవ్వుతున్నాడు. నవ్వనివ్వండి, డబ్బా మోసేది ఆయనే.

బట్టల షాపులో నా పని బాగానే ఉంది. మూడు నెలలు చూసి పర్మనెంట్ చేస్తారట. మా సూపర్‌వైజరు దశరథ సారుకు నవ్వడం రాదు, తిట్టడమూ రాదు. ఊరికే చూస్తాడు. ఆ చూపే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. సుమన్ ముదురు నీలం జీన్స్ ఒకటి కొన్నాడు. ఒక్కసారి తడిపితే బకెట్ నిండా సిరా. నాలుగు ఉతుకులకే వెలిసిపోయేలా ఉంది. సైదాబాద్‌లో గోపయ్య గారి రంగుల షాపులో ఇరవై రెండేళ్లు చున్నీలకూ లైనింగు బట్టలకూ రంగులేసిన చేతులు మీవి. రంగు పోకుండా ఏం చేయాలో మీకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? జర చెప్పండి.

పాప పాలు బాగా తాగుతోందా?

మీ కోడలు
జోస్నా


ఎల్బీ నగర్,
ఆగస్టు 7

జోస్నా బిడ్డా, దేవుడు నిన్ను సల్లగ జూడాలె.

నీ ఉత్తరానికి పప్పు అంటుకుంది, అయినా చదివిన. పాప బాగుంది. పగలు నిద్ర, రాత్రి డ్యూటీ.

రంగు సంగతి నన్నడిగినవు, సంతోషం. ఈ ఇంట్ల నన్ను స్నానం నీళ్లు కాగినయా అనే అడుగుతరు. రాసుకో. బకెట్ సల్లటి నీళ్లల్ల రెండు గుప్పిళ్లు దొడ్డుప్పు, అర గ్లాసు సిర్కా, అదే మీ వెనిగర్. జీన్స్ ముంచి ఒక పూట మొత్తం కదిలియ్యకు. తర్వాత పిండకుండ ఆరెయ్యి. ఉప్పు పట్టిందంటే రంగు ఇంక ఏడికీ పోదు. కొత్త చీరలకు మా అమ్మ అదే చేసింది, నేను అదే చేసిన. రంగు పోయిందని గోపయ్య షాపుకు ఒక్క చున్నీ వాపస్ రాలే. కావాలంటే పోయి అడుగు.

ఇంకొక మాట. జీన్స్ సుమన్‌ది అని రాసినవు. వాడు ఆ బూడిద రంగు ప్యాంటు ఇడిచి వేరేది తొడిగిన రోజు నేను సూడలే. డబ్బా ఇయ్యొస్తే అడిగిన, "నాకేం తెల్వదమ్మా" అని చెప్పులేసుకొని ఉరికిండు. ఎవరిదో నువ్వే చెప్పు. నాకు చెవులే మందం, కండ్లు కాదు.

ఒక పని చెప్తున్న. వానలకు నా ట్రంకు పెట్టె చెమ్మ పట్టి ఉంటది. దాంట్ల నా పెండ్లి చీర ఉంది, తెల్లది, సన్న జరీ అంచు. ముక్కిన వాసన రాకముందే తీసి, చేత్తో మెల్లగ పిండి ఆరెయ్యి. మీ మామ మత్తయి మూడు నెలలు బాయిల పూడిక తీసి కొన్న చీర అది. ఆయన పోయినంక కూడ ప్రతి క్రిస్మస్ పొద్దున అదే కడుతున్న. ఈసారి కడితే నలభై తొమ్మిది. మిషన్‌ల మాత్రం వెయ్యకు బిడ్డా.

మీ అత్తమ్మ
ఎలీశమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 13

అత్తమ్మా,

దొరికిపోయాను. జీన్స్ నాదే.

మా షాపులో అమ్మేవి జీన్సులే. అమ్మేవాళ్లు కూడా అవే వేసుకోవాలి, పైన నల్ల చొక్కా. రెండు జతలు ఇచ్చారు. ఆ రంగు వెలిస్తే కస్టమర్ల ముందు నిలబడనివ్వరు, వెనక స్టాకు గదిలో అట్టపెట్టెలు లెక్కపెట్టాలి. పెళ్లయ్యాక చుడీదార్ వేసుకున్నందుకే మా అమ్మ నన్ను నెల రోజులు సతాయించింది. జీన్స్ అంటే మీరేమంటారోనని సుమన్ మీదికి తోశాను. రోజూ ఇంట్లో వేసుకుని, పైన పెద్ద చున్నీ కప్పుకుని, మన గల్లీ దాటాక చున్నీ మడిచి బ్యాగులో పెట్టుకుంటున్నాను. దొంగలు కూడా ఇంత శ్రద్ధగా పనిచేయరు.

షాపులో ఒక్కొక్కరిది ఒక్కో శాస్త్రం. దశరథ సారు ఆర్నెల్లు ఉతకొద్దంటాడు. ఆయన పక్కన నిలబడితే నిజంగానే పాటిస్తున్నాడని తెలుస్తుంది. నాతో పనిచేసే స్వప్న తన జీన్స్ మడిచి ఫ్రిజ్‌లో పెడుతుందట, వాసన పోతుందని. వాళ్లాయన చల్లనీళ్ల సీసా కోసం చేయి పెడితే జేబు తగిలిందట. నేను వీళ్లెవరి మాటా వినలేదు. మీరు చెప్పినట్టే ఉప్పూ సిర్కా వేసి ఒక పూట ముంచాను. నీళ్లు కొంచెం నీలమయ్యాయి, అంతే. ఇక నిశ్చింత.

ఎల్లుండి షాపుకు సెలవు. ఆ రోజే మీ చీర పని పెట్టుకుంటాను. చేత్తోనే, ప్రమాణం.

జోస్నా


ఎల్బీ నగర్,
ఆగస్టు 19

బిడ్డా,

జీన్స్ ఏసుకుంటే ఏమైతది? గోపయ్య షాపుల నేను చీర పైకి దోపుకొని, మోకాళ్ల దాక రంగు నీళ్లల్ల నిలబడి పని చేసిన. అప్పుడు నాకు ఎవరన్న ప్యాంటు ఇచ్చి ఉంటే దండం పెట్టి తొడుక్కునేదాన్ని. ఆ చున్నీ నాటకం బంద్ చెయ్యి. గల్లీల ఎవరన్న ఏమన్న అంటే "మా అత్తమ్మను అడుగుండ్రి" అను. నాకు వాళ్ల మాట వినపడదు, నా మాట వాళ్లకు బాగ వినపడ్తది.

ఉప్పు పని చేసిందని రాసినవు. నాకు తెల్సు.

చీర ఆరిందా?

ఎలీశమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 27

అత్తమ్మకు,

మీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మర్నాడు చున్నీ లేకుండా గల్లీలో నడిచాను. ఇస్త్రీ బండి లచ్చయ్య ఒక్కడే చూశాడు. "డ్యూటీ డ్రెస్సా అమ్మా?" అన్నాడు. అంతే. నెల రోజులు నేను భయపడింది ఈ ప్రశ్నకా!

చీర ఆరింది. మడిచి పెట్టాను.

మా షాపుకొచ్చే ఒక కస్టమరుకు కష్టం వచ్చింది. తెల్ల నూలు బట్టకు జీన్స్ రంగు అంటిందట. ముందు జానెడు మరకే, పోగొట్టబోతే ఎక్కువైందట. ఏం చేయాలని అడుగుతున్నారు. జరీ అంచు ఉంటే కూడా అదే పద్ధతా? మీకు తెలిస్తే రాయండి, వాళ్లకు చెబుతాను. తొందరేం లేదు. కానీ తొందరగా రాయండి.

జోస్నా


ఎల్బీ నగర్,
సెప్టెంబరు 2

జోస్నా,

మీ కస్టమరుకు చెప్పు. వేడి నీళ్లు తగలనియ్యొద్దు. ఇస్త్రీ అసలే పెట్టొద్దు. ఎండల ఆరెయ్యొద్దు. తడి మీద ఉన్నప్పుడే సల్లటి నీళ్లల్ల మళ్ల మళ్ల జాడియ్యాలె. వేడి నీళ్లల్ల సర్ఫు పోసి పెట్టిండ్రా ఏంది? పెడితే మాత్రం మరక ఊరంత తిరిగొస్తది.

ఆ కస్టమరు మంచిదే అయి ఉంటది. మరీ పరేషాన్ కావొద్దని చెప్పు.

అమలకు నీ చేతి కాకరకాయ పులుసు కావాల్నట.

ఎలీశమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 15

అత్తమ్మా,

ఇన్ని రోజులు రాయలేదని కోపం వద్దు. దసరా గిరాకీ. రోజుకు రెండు వందల జతలు మడతలు విప్పడం, మళ్లీ మడవడం. సాయంత్రానికి వేళ్ల కొసలు నీలం. అన్నం కలుపుతుంటే నాకే నవ్వొస్తుంది.

పర్మనెంట్ కాగితం రాలేదింకా. దశరథ సారు చూస్తూనే ఉన్నాడు.

పాపకు ఉగ్గు పెడుతున్నారా? సుమన్‌కు దగ్గు తగ్గింది. ట్రంకు పెట్టెకు కొత్త తాళం వేశాను. పాతది బాగాలేదని. మీరు ఆ పెట్టె గురించి ఏం ఆలోచించకండి.

కాకరకాయ పులుసు రెండు డబ్బాలు పంపుతున్నాను.

జోస్నా


ఎల్బీ నగర్,
నవంబరు 9

బిడ్డా,

పులుసు బాగుంది. నీకు నా మీద ప్రేమ ఎక్కువైనప్పుడల్లా కూర ఎక్కువైతుంది, గమనించిన.

క్రిస్మస్ దగ్గరికొచ్చింది. పాప ఇంక చిన్నదని అమల వదుల్తలేదు, కొత్త సంవత్సరం దాటినంకే ఇంటికొస్త. పండుగ ఇక్కడి గుళ్లెనే, ప్రతి యేడు మనం వచ్చేదే గదా. నా చీర సుమన్‌తో పంపు. గంజి నేను పెట్టుకుంట. పాత బట్టకు గంజి పెట్టుడు అందరికీ రాదు.

ఎలీశమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 11

అత్తమ్మా,

ఈ ఉత్తరం నాలుగు సార్లు రాసి చించాను. ఇది అయిదోది.

చీర పంపుతున్నాను. విప్పేముందు దయచేసి ఇది చదవండి.

ఆగస్టులో ఆ సెలవు రోజు మీరు చెప్పినట్టే చేత్తో ఉతికాను. బాల్కనీలో ఉన్నది ఒక్కటే దండెం. ముసురు. చీర ఒకవైపు, జీన్స్ ఒకవైపు వేశాను. ఉప్పు పెట్టిన జీన్సే కదా, రంగు పోదు కదా అని ధీమా. గాలికి రెండూ దగ్గరకు జరిగాయి. రాత్రంతా తడి మీద తడి ఒరుసుకుంది. పొద్దున చూస్తే కొంగుకు జానెడు నీలం మరక. అప్పుడే మిమ్మల్ని అడిగి ఉంటే సరిపోయేది. భయంతో వేడినీళ్లు కాచి, సర్ఫు పోసి చీర మొత్తం ముంచాను. జానెడు మరక చీరంతా పాకింది. ఒకచోట లేత, ఒకచోట ముదురు. ఆ కస్టమరు నేనే.

ఎందుకు చెప్పలేదంటే, చీర గురించి భయం ఒకటే కాదు. చెప్పాలంటే మీ ఉప్పు పనిచేయలేదని కూడా చెప్పాలి. ఇరవై రెండేళ్ల పనితనం గురించి మీరు అంత సంబరంగా రాశారు. ఆ ఇంట్లో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరని కూడా రాశారు. నేనడిగాను, మీరు చెప్పారు, అది తప్పైంది. ఆ మాట నా నోటితో ఎలా అనను?

మామయ్య గారిని నేను చూడలేదు. మా పెళ్లికి ముందే పోయారు. ఆయన చేతి కష్టంతో మిగిలింది ఆ ఒక్క చీరేనని తెలిసీ పాడుచేశాను. క్షమించండి అని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. క్షమించండి.

జోస్నా


దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 20

అత్తమ్మా,

తొమ్మిది రోజులైంది. డబ్బా ఖాళీగానే తిరిగొస్తోంది. సుమన్‌ను అడిగితే "అమ్మ బాగనే ఉంది, ఏం మాట్లాడ్తలేదు" అంటాడు. ఆదివారం వచ్చాను. మీరు సైదాబాద్ పోయారని అమల చెప్పింది. నేనొస్తున్నానని తెలిసే వెళ్లారనుకున్నాను.

ఉద్యోగం మానేస్తాను. ఆ జీన్స్ రెండూ దశరథ సారు ముఖాన పడేసి వస్తాను. మీరు ఒక్క మాట రాయండి చాలు. తిట్టే అయినా పర్వాలేదు.

జోస్నా


ఎల్బీ నగర్,
నవంబరు 24

జోస్నా బిడ్డా,

ఎలుకలున్నయని ఇల్లు తగలబెట్టుకుంటరా? ఉద్యోగం మానుడు మాట ఇంకోసారి రాస్తే నిజంగ తిడ్త.

ముందు ఉన్నదున్నట్టు చెప్త. మూట విప్పంగనే ఏడ్చిన. అబద్ధమెందుకు. అమల చూడకుండ బాత్రూంల కూసొని ఏడ్చిన. మీ మామ ఇంకోసారి పోయినట్టనిపించింది. రెండు రోజులు నీ మీద కోపం కూడ వచ్చింది. వేడి నీళ్లు పోసినందుకు కాదు. మూడు నెలలు నా తోటి కాకరకాయ పులుసు మాట్లాడినందుకు. జరీ అంచు ఉంటే అదే పద్ధతా అని నువ్వు రాసిన దినమే నాకు అర్థమైంది. ఏ కస్టమరు జీన్స్ పక్కన జరీ ఆరేస్తది? నువ్వే చెప్తవని చూసిన. అడుగుడు నాకూ చాతగాలే.

తర్వాత నాకు నిద్ర పట్టనియ్యంది చీర కాదు, ఉప్పు. ఉప్పు ఎట్ల తప్పైతది? మూట పట్టుకొని సైదాబాద్ పోయిన. నువ్వొచ్చేది నాకు తెల్వదు. గోపయ్యకు ఎనభై దాటినయి, షాపు కొడుకు చూస్తుండు. గోపయ్య చీర చేతిల పట్టుకొని, నా చెవి కాడికొచ్చి గట్టిగ అడిగిండు, "ఎలీశమ్మా, నీలికి ఉప్పు పెట్టినవా?" నేను తలకాయ దించుకున్న.

"మనం ఏసింది ప్యాకెట్ రంగులమ్మా," అన్నడు. "కాగే నీళ్లల్ల ఉప్పేస్తె అవి దారంలకు పోతయి. జీన్స్‌ది నీలిమందు. అది లోపటికి పోదు, దారం మీదనే కూసుంటది. ఉప్పుకు వినదు, సిర్కాకు వినదు. ఒరుసుకుంటె ఊసిపోతది. మనం ఇరవై యేండ్లల్ల ఒక్కనాడన్న నీలి ముట్టినమా?"

ముట్టలే బిడ్డా. అడిగితే తెల్వదు అనకుండ చెప్పిన. ఇరవై రెండేండ్ల గొప్ప కోసం చెప్పిన. నువ్వు నా మాట నమ్మి ఒకే దండెం మీద ఏసినవు. ఇంక సగం తప్పు నాది. సగం కన్న ఎక్కువనే అనిపిస్తుంది.

నువ్వు కూడ నమ్మకు, నీ కండ్లతోని చూడు. జీన్స్ కాలు మడత కాడ ఒక పోగు లాగి, గోరుతోని విప్పి చూడు. పైన నీలం, లోపట తెలుపు. నేను షాపుల్నే చూసిన.

గోపయ్య చెప్పింది రాస్తున్న, ఈసారి నాది కాదు. జీన్స్‌ను ఊకె ఉతకొద్దు. ఏడెనిమిది సార్లు తొడిగినంక చాలు. మధ్యల మరక పడితే తడిబట్టతోని ఆ మేరకే తుడువు, చెమట వాసనొస్తే గాలికి వెయ్యి. ఉతికేటప్పుడు లోపటిది బయటికి తిప్పి, సల్లటి నీళ్లల్ల కొంచెం సబ్బు, పది నిమిషాలు. బ్రష్షు పెట్టి రుద్దొద్దు. మెలి తిప్పి పిండొద్దు. నీడకు, నడుము పట్టీ కాడ క్లిప్పులు పెట్టి వేలాడదియ్యి. అయినా కొంచెం పోతనే ఉంటదట. పోకుండ ఆపుడు ఎవరి తరం కాదు, తొందరగ పోకుండ చూసుకునుడే. పక్కన మాత్రం ఏ బట్టనూ పెట్టకు. ఇది చెప్పక్కరలేదు.

చీర సంగతి. గోపయ్య అన్నడు, "హైడ్రోస్ మందు ఏస్తె నీలం పోతది, మల్ల తెల్లగైతది. కాని బట్టకు యాభై యేండ్లు. జరీ నల్లబడ్తది, పోగులు ఆగుతయో ఆగవో జిమ్మేదారి నాది కాదు." తెల్లగ చేసి చింపుకునుడా, నీలంగ ఉంచి కట్టుకునుడా. ఆలోచించుకొని చెప్త అని మూట కట్టుకొని వచ్చిన.

నువ్వేమంటవు?

ఎలీశమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 26

అత్తమ్మా,

పోగు లాగి చూశాను. మీరన్నట్టే లోపల తెల్లగా ఉంది. వంటింట్లో నిలబడి చాలాసేపు దాన్నే చూశాను.

చీర గురించి చెప్పే హక్కు నాకు లేదు. కానీ అడిగారు కాబట్టి చెబుతాను. మందు వద్దు. తెలుపు పోయింది నా వల్ల. బట్ట కూడా పోతే ఇక నేను తట్టుకోలేను. మీకు ఆ చీర చూసినప్పుడల్లా నా తప్పు గుర్తుకొస్తుందంటే మాత్రం, మందు వేయించండి. మీ ఇష్టమే నా ఇష్టం.

పర్మనెంట్ కాగితం వచ్చింది. క్రిస్మస్ రోజు షాపులో గిరాకీ ఎక్కువ, సెలవు లేదన్నారు. సుమన్ ఒక్కడే వస్తాడు. మిమ్మల్ని ఆ పూట చూడలేననే బాధ ఒకవైపు, మీ ఎదుట నిలబడే పని తప్పిందనే పిరికి సంతోషం ఇంకోవైపు. రెండూ నిజమే.

జోస్నా


ఎల్బీ నగర్,
డిసెంబరు 26

జోస్నా బిడ్డకు క్రిస్మస్ దీవెనలు.

కేకు ముక్క, నాలుగు అరిసెలు పంపుతున్న. సుమన్ దారిల తినకుంటే నీకు అందుతయి.

మందు వేయియ్యలే. గంజి పెట్టి, ముదురుగ ఉన్న దిక్కు లోపలి కుచ్చిళ్లల్లకు పోయేటట్టు కట్టుకున్న. అయినా కొంగు దాగలే. ముందు వరుసల పది మంది ముసలోళ్లం, తొమ్మిది తెల్ల చీరలు, నడుమ నాది ఒక్కటి నీలం. గుళ్లె అడుగు పెట్టేటప్పుడు నువ్వు గల్లీల నడిచిననాడు నీకు ఎట్లుండెనో నాకు అర్థమైంది. వెనక్కి పోయి కూసుందామనుకున్న. పాపను ఎత్తుకొని అమల నా వెనకనే వస్తుంది, తిరిగే జాగ లేదు.

కూసున్నంక భయం పోయింది. మీ మామ నూరు గజాల దూరంల నన్ను గుర్తు పట్టేది చీర రంగు చూసి కాదు గదా అనుకున్న. కొంగు చేతిల పట్టుకుంటే అదే బట్ట, అదే మెత్తదనం. ఆయన తెచ్చిందే నా ఒంటి మీదున్నది. చిరిగి పెట్టెల పడి ఉంటే ఏం జేసుకుందును?

ఆరాధన అయినంక పాస్టరమ్మ అరుణజ్యోతి నా దగ్గరికొచ్చి కొంగు పట్టుకొని చూసింది. "అమ్మా, ఇది మీ పెండ్లి చీరనే గదా? ప్రతి యేడు తెల్లగుంటుండె. ఈ రంగు ఎవరేసిండ్రు?" అని కాగితం మీద రాసి చూపిచ్చింది. తొమ్మిది మంది ముసలోళ్లు నా దిక్కు తిరిగిండ్రు. గోపయ్య పేరు చెప్తే సరిపోయేది, పెద్ద రంగులాయన, ఎవరూ మల్ల అడుగరు. నా నోటికి ఆ మాట రాలే.

"నేను, నా కోడలు," అన్న. "ఇద్దరం కలిసి ఏసినం."

వచ్చే యేడు సెలవు ముందుగాలనే అడుగు. నువ్వు పక్కన లేకుంటే సగం జవాబే చెప్పినట్టైంది.

నీ అత్తమ్మ
ఎలీశమ్మ